పెన్న దాటని కారు

ఆ బుధవారం పొద్దున ఆరున్నరకు హాసిని తాళం తిప్పేసరికి, రాత్రంతా ఇంటి ముందు షెడ్డులో నిలబడి ఉన్న కారు నలభై నాలుగు కిలోమీటర్లు ఎక్కువ తిరిగినట్టు మీటరు చూపించింది.

తాళం తీసి మళ్ళీ తిప్పింది. అదే అంకె. 61,362.

బ్యాగులోంచి నోటుపుస్తకం తీసింది. నిన్న సాయంత్రం కారు దిగేముందు తన చేత్తో తానే రాసుకున్న అంకె 61,318. తోటలకు చుక్కనీటి పైపులు వేసే డ్రిప్ కంపెనీలో పని చేసేవాళ్ళకు ఇదొక జబ్బు. మీటరు ఏదైనా కంటపడితే చాలు, రాసుకుంటారు. తప్పు రాసుకోరు.

అప్పుడు గమనించింది, మోకాళ్ళు స్టీరింగుకు తగులుతున్నాయి. ఐదడుగుల ఏడంగుళాల మనిషి తను. సీటు ఎవరో ముందుకు జరిపారు. అద్దంలోకి చూస్తే వెనక రోడ్డు కనిపించాల్సింది పోయి వెనక సీటు మెత్తలు కనిపించాయి. దిగి బానెట్ మీద అరచెయ్యి పెట్టింది. వెచ్చగా ఉంది.

దొంగ అయితే బండి తీసుకుపోతాడు. తీసుకుపోయి, నలభై నాలుగు కిలోమీటర్లు తిప్పి, తెచ్చి మళ్ళీ అదే గీత మీద నిలబెట్టి, తాళం ఇంట్లో కొక్కేనికి తగిలించే దొంగ ఎవడు?

ఇంకొక సంగతి కూడా ఉంది. నిన్న సాయంత్రం మీటరు పక్కన పసుపు దీపం ఒకటి వెలిగింది. చుక్కలున్న డబ్బా బొమ్మ. అదేమిటో ఆమెకు తెలియలేదు. నాన్నకు చెబితే బండి అప్పుడే వెనక్కి పంపిస్తాడని చెప్పలేదు. ఈ పొద్దు ఆ దీపం లేదు.

వంటింట్లోకి పరిగెత్తింది. ప్రశాంతి పెనం మీద దోసె తిప్పుతోంది.

“మా! కారు ఎవరో తోలినారు. నలభై నాలుగు కిలోమీటర్లు!”

“నువ్వే తప్పు రాసింటావులే,” అంది ప్రశాంతి తలెత్తకుండా. “కారం దోసెనా, ఉత్తదా?”

“నేను తప్పు రాస్తానా?”

“ఏంది తప్పు రాసేది?” అంటూ శరత్ చంద్ర లోపలికి వచ్చాడు. రోజూ నాలుగున్నరకే కాలేజీ గ్రౌండుకు నడకకు పోయి, ఆరున్నర దాటాక వస్తాడు. కాన్వాసు బూట్లు ఇంకా విప్పలేదు. సంగతి విన్నాడు. విని, రెండు చేతులూ నడుముకు పెట్టుకున్నాడు. ప్రొద్దుటూరులో ముప్పై ఏళ్ళుగా చీరల అంగడి నడుపుతున్న మనిషికి, సరుకులో లోపం దొరికినప్పుడు కలిగే సంతోషం ఆ ముఖంలో కనిపించింది.

“నేను ఆ పొద్దే చెప్తి. వింటిరా? మీటరు తిప్పిన బండి అది. లక్ష తిరిగిన బండిని అరవై వేలే తిరిగిందని అంటగట్టినాడు ఆ జమ్మలమడుగు హుమాయున్. ఇప్పుడు దానికి పిచ్చెక్కి నిలబడిన చోటనే తిరుగుతాంది.”

“మీటరుకు పిచ్చెక్కితే సీటు ముందుకు జరుగుతాదా నాన్నా?”

“సీటు సంగతి నాకు తెల్దు. మొదటి బండి, అందులో ఆడపిల్ల! ఎవరైనా డీజిలు కొంటారా? ట్రాక్టరు మాదిరి డడడడా అని అదొకటి. మా ఫ్రెండు కాడ ఎర్రది పెట్రోలు బండి ఉండాది. గుడికి పోను, అంగడికి రాను సరిగ్గా సరిపోతాది.”

“నేను గుడికీ అంగడికీ పోయేదానికా కొనేది? పులివెందులకు!”

అసలు గొడవంతా అక్కడే ఉంది. వచ్చే సోమవారం ఒకటో తారీఖు. ఆ రోజు నుంచి సొంత బండి ఉన్నవాళ్ళకే పులివెందుల ఏరియా అని కంపెనీ చెప్పేసింది. చీనీ, అంటే బత్తాయి తోటలు, అరటి తోటలు, రోజుకు నూటముప్పై కిలోమీటర్లు, డిక్కీ నిండా పైపు చుట్టలు. బండి లేకపోతే ప్రొద్దుటూరు ఆఫీసులో కూర్చుని బిల్లులు కొట్టే సీటు. ఇప్పటికి ఏడాదిగా హాసిని ముద్దనూరులో బస్సు మారి, భుజాన సంచీ, చేతిలో ఫిల్టరుతో పులివెందులకు తిరుగుతూ ఈ ఏరియా కోసం కాచుకుని ఉంది.

శరత్ చంద్ర అప్పటికే ఫోను తీశాడు. “ఏం భాయ్! నీ బండి నిద్రలో నడుస్తాంది!”

అవతల జమ్మలమడుగులో హుమాయున్ ఏదో నెమ్మదిగా చెప్పాడు. శరత్ చంద్ర వినలేదు. “ఇంకొక్కసారి ఇట్లయితే శనివారం వచ్చి నీ బండి నువ్వు తోలుకోని పో. అంతే.”

పెనం మీద దోసె మాడింది. ప్రశాంతి దోసె మాడ్చడం హాసిని ఎప్పుడూ చూడలేదు.

*

మొన్న ఆదివారమే ఆ కారును జమ్మలమడుగులో, పాత బండ్లు బాగు చేసి అమ్మే హుమాయున్ షెడ్డులో చూశారు. నాలుగేళ్ళ బండి, తెల్లది. హుమాయున్ అమ్మాలన్న తొందర లేకుండా ముందు ప్రశ్నలే వేశాడు.

“దినానికి ఎంత తిరుగుతావు పాపా?”

“నూట ముప్పై.”

“అట్లయితే డీజిలే. రోడ్డు మీద పరిగెత్తేదానికి డీజిలు, సందుల్లో తిరిగేదానికి పెట్రోలు. సందుల్లో తిరిగేవాళ్ళకు డీజిలు అమ్మితే, నెల తిరక్కుండా నా షెడ్డు ముందరికొచ్చి తిడతారు. వారం దినాలు తిప్పి చూడండి. పేరు మార్చేది తర్వాత చూద్దాం.”

అప్పుడే పులివెందుల రైతు ఒకరు ఫోను చేశారు. హాసిని బయటికి పోయి మాట్లాడింది. శరత్ చంద్ర అంగడికి ఫోను చేసి అరుస్తున్నాడు. ఆమె తిరిగి వచ్చేసరికి ప్రశాంతి ఒక్కతే బల్ల మీద కూర్చుని ఉంది. హుమాయున్ పాత పేపరు మీద గ్రీసు వేలితో ఏదో బొమ్మ గీసి చూపిస్తున్నాడు.

“ఏంది మా?”

“ఏం ల్యా. టీ బాగుందంటాండా.”

బండి ఇంటికి వచ్చాక నాయనమ్మ గోవిందమ్మ నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టించి, తొక్కించి, ఒక హుకుం జారీ చేసింది. వచ్చే ఆదివారం బ్రహ్మంగారిమఠంలో పూజ అయ్యేదాకా బండి పెన్న దాటకూడదు. ఇంట్లో ఏ కొత్త బండికైనా ఇదే కట్టుబాటు. శరత్ చంద్ర మొదటి స్కూటరుకూ ఇదే జరిగింది. పెన్న దాటకుండా పులివెందులకు దారి లేదు. కాబట్టి హాసిని బస్సులో పనికి పోయి వచ్చి, సాయంత్రాలు ఊర్లోనే కారు తిప్పుతోంది. ముందు సీట్లో గోవిందమ్మ, వెనక ప్రశాంతి.

“నిదానం పాపా. ఆటోవాళ్ళను పోనీ. సైకిలాయన్ను కూడా పోనీ. మనకేం తొందర?” అనేది గోవిందమ్మ.

మంగళవారం సాయంత్రం శివాలయం సెంటరులో బండి ఆగిపోయింది. వెనక ఇరవై హారన్లు. హాసినికి చెమటలు పట్టాయి.

“న్యూట్రల్ చెయ్. హాఫ్ క్లచ్చిలో మెల్లగ వదులు,” అంది వెనక నుంచి ప్రశాంతి, చిక్కుడుకాయ ఒలుస్తూ.

బండి కదిలింది. హాసిని అద్దంలోంచి తల్లిని చూసింది.

“వాహిద్ సాబ్ అట్లనే అంటాండె కదా,” అంది ప్రశాంతి.

నిజమే. అబ్దుల్ వాహిద్ డ్రైవింగు స్కూలుకు ఆడపిల్లను ఒంటరిగా పంపేది లేదని గోవిందమ్మ అంటే, ఇరవై ఒక్క రోజులూ ప్రశాంతి తోడు వచ్చి వెనక సీట్లో కూర్చుంది. ఒళ్ళో చిక్కుడుకాయల చాట. అమ్మ అంటే హాసినికి కారులో అదే బొమ్మ. వెనక సీటు, చాట.

*

బుధవారం మధ్యాహ్నం పులివెందుల దగ్గర ఆదినారాయణ చీనీ తోటలో హాసిని ఫిల్టరు ముందు కూర్చుని ఉంది. డ్రిప్పు పైపుల్లో ఒక్క చుక్క కూడా రావడం లేదు. మూత విప్పి జల్లెడ బయటికి తీసింది. ఎర్రమట్టి గోధుమపిండి ముద్దలా పట్టుకుని ఉంది.

“మామా, ఎన్ని దినాలాయె దీన్ని కడిగి?”

ఆదినారాయణ తలపాగా సవరించుకున్నాడు. “కడగాల్నా?”

“పోయినసారి చెప్తి కదా! రెండు దినాలకొకసారి ఈ వాల్వు మొత్తం తెరిచి, మోటారు ఫుల్లుగా ఇడిస్తే మట్టంతా కొట్టుకోని పోతాది. మెల్లమెల్లగ ఇడిస్తే ఆడనే పేరుకుంటాది.”

“నీళ్ళు దండగ కదమ్మా అని...”

ఆమె లేచి వాల్వు పూర్తిగా తెరిచింది. మోటారు గట్టిగా ఊపిరి పీల్చింది. ఎర్రనీళ్ళు మనిషెత్తు ఎగిరి, ఆదినారాయణ పంచె మీద, హాసిని బూట్ల మీద పడ్డాయి. ఎరుపు పలచబడి, తేటపడింది. దూరంగా మొదటి చెట్టు కింద టప్ టప్ మని చుక్కలు మొదలయ్యాయి. ముసలాయన చిన్నపిల్లాడిలా నవ్వాడు.

“కారు కొన్నావంట! ఏదీ?”

“పెన్న దాటనీయడం ల్యా మామా మా అవ్వ.”

“దాటినంక తీసుకోని రా. చీనీకాయలు డిక్కీ నిండా ఏస్తా.”

తిరుగు బస్సులో నిలబడి హాసిని ఆలోచించింది. దొంగను పట్టుకోవాలి. శనివారం లోపల పట్టుకోవాలి. లేదంటే ఒకటో తారీఖు నుంచి ఈ తోటల్లో ఇంకెవరో తిరుగుతారు.

ఆ సాయంత్రం ఆమె వంటింటి బుట్టలోంచి ఒక నిమ్మకాయ తీసింది. పైపుల మీద గుర్తులు పెట్టే నీలం మార్కరుతో దాని మీద ఒక చుక్క పెట్టింది. షెడ్డులోంచి బండి బయటికి రావాలంటే వెనక్కే రావాలి. వెనక చక్రానికి ఆనించి నిమ్మకాయ పెట్టింది. ఎవరు తీసినా కాయ నలగాల్సిందే. మీటరు రాసుకుంది.

గురువారం పొద్దున నిమ్మకాయ ఉన్నచోటే ఉంది. మీటరు కదల్లేదు. శరత్ చంద్ర కొంచెం నిరాశపడ్డాడు. ఆ సాయంత్రం కూడా హాసిని కాయను అట్లాగే పెట్టి, మీటరు రాసుకుంది.

శుక్రవారం పొద్దున మీటరు నలభై నాలుగు పెరిగింది. సీటు ముందుకు జరిగింది. ఈసారి డ్రైవరు పక్క అద్దం రెండు వేళ్ళు దిగి ఉంది. నిమ్మకాయ నలగలేదు. అసలు లేనే లేదు.

షెడ్డంతా వెతికింది. గోవిందమ్మను అడిగింది.

“నాకేం వినపడుతాది పాపా? పొద్దున్నే అయిదుకు మీ అమ్మ బోరు మోటారు వేస్తే, ఆ మోతలో విమానం దిగినా తెల్దు.”

పలహారానికి చిత్రాన్నం. బాగా పులుపు తగిలింది. హాసిని రెండుసార్లు పెట్టించుకుంది. తింటూనే ఆలోచించింది. నిమ్మకాయ తొక్కకుండా పక్కకు తీసి పెట్టే దొంగ ఎట్లాంటి దొంగ?

శరత్ చంద్ర ఫోనులో హుమాయున్‌ను రమ్మన్నాడు.

*

శనివారం తొమ్మిదికి హుమాయున్ బస్సు దిగి నడుచుకుంటూ వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. పంచాయతీకి వచ్చే మనిషి అట్లా వస్తాడు.

శరత్ చంద్ర ఆయన్ను లోపలికి పిలవలేదు. షెడ్డులోనే నిలబెట్టాడు. ఎదురింటివాళ్ళు అరుగు మీదికి వచ్చారు.

“నమ్మకమని వస్తే మీటరు తిప్పిన బండి అంటగడ్తావా భాయ్? ప్రొద్దుటూరులో నా అంగట్లో ఒక్క చీరకు రంగు పోయిందనిపించుకోలేదు నేను.”

“అన్నా, ముప్పై ఏండ్లాయె నేను షెడ్డు పెట్టి. మీటరు మీద చెయ్యి పెట్టింటే నా చెయ్యి పడిపోనీ.” హుమాయున్ గొంతు పెంచలేదు. “ఎంత పెరిగింది?”

“బుధవారం నలభై నాలుగు. శుక్రవారం నలభై నాలుగు,” అంది హాసిని.

“రెండుతూర్లూ నలభై నాలుగేనా?” ఆయన కళ్ళు చిన్నవయ్యాయి. “మీటరు చెడిపోతే అంత లెక్కగా చెడిపోతాదా పాపా? ఈడి నుంచి మా జమ్మలమడుగు పెన్న బ్రిడ్జి దాకా పోయి తిరిగొస్తే ఎంతో తెలుసునా?”

హాసిని నోటుపుస్తకంలోని అంకెలు మళ్ళీ చూసుకుంది.

“నలభై నాలుగు,” అన్నాడు హుమాయున్.

“అంటే మా ఇంట్లో దొంగలుండారంటావా?” శరత్ చంద్ర గొంతు వీధి చివరికి వినిపించింది. “తాళం తీసుకో. తోలుకోని పో నీ బండి!”

ఎండలో నడిచి వచ్చిన మనిషి. మంచినీళ్ళు కూడా ఇవ్వలేదని హాసిని వంటింట్లోకి పోయింది. బిందె దగ్గర ప్రశాంతి లేదు. తొట్టిలో సగం తోమిన ఇత్తడి దీపపు కుంది ఉంది. దాని పక్కన, తోమి తోమి మెత్తబడిన నిమ్మచెక్క. ఆ చెక్క మీద నీలం చుక్క.

హాసిని గ్లాసు పట్టుకుని అట్లాగే నిలబడింది. సీటు ముందుకు. అద్దం కిందికి. బోరు మోటారు మోత. మాడిన దోసె.

వెనక్కి తిరిగింది. గుమ్మంలో ప్రశాంతి నిలబడి ఉంది. కూతురి చూపు ఎక్కడుందో చూసింది. నిమ్మచెక్క వైపు ఒకసారి, షెడ్డు వైపు ఒకసారి చూసింది. హాసిని నిమ్మచెక్క తీసి చెత్తబుట్టలో వేసి, పైన నాలుగు కరివేపాకు రెమ్మలు కప్పింది.

ప్రశాంతి నవ్వింది. తర్వాత అలమరలోంచి మెంతుల డబ్బా దింపి, మెంతుల్లోకి మోచేతి దాకా చెయ్యి పెట్టి ఏదో తీసి, కొంగుతో తుడుచుకుంటూ షెడ్డులోకి నడిచింది. హాసిని చేతిలోని నీళ్ళ గ్లాసు తీసుకుని ముందు హుమాయున్‌కు ఇచ్చింది.

“ఆయన్ను ఏమీ అనొద్దండి. మీటరు బాగుంది. బండి తోలింది నేను.”

శరత్ చంద్ర నవ్వాడు. ఎదురింటివాళ్ళ వైపు చూసి ఇంకొంచెం నవ్వాడు. అప్పుడు ఆమె చేతిలోని కార్డు చూశాడు. ఫొటోలో ఉన్నది తన భార్యే. కార్డు మెంతుల వాసన కొడుతోంది.

“లైసెన్సా? నీకా? ఎప్పుడు నేర్చుకుంటివి?”

“మీరే కదా పంపితిరి, పాపకు తోడు పొమ్మని. ఇరవై ఒక్క దినాలు వెనక కూర్చోనుంటి. ఇది క్లచ్చి తొక్కితే వెనక నా కాలు కూడా తొక్కేది. ఆఖరు దినం వాహిద్ సాబే అనె, ‘అమ్మా, ఈ పాప ముందర చేసేదాని కంటే మీరు వెనక గొణిగేదే బాగుంది, ఒకసారి ఇట్ల రాండి’ అని. మధ్యాహ్నం పూట మీరు అంగట్లో, ఇది పులివెందుల్లో, అత్త నిద్రలో. నెల దినాలు పోతి. టెస్టులో ఇది ఎనిమిది అంకె మాదిరి బండి తిప్పేకాడ ఒకసారి ఫెయిలాయె కదా? నేను మొదటిసారికే పాసైతి.”

“మా!” అంది హాసిని.

“ఉండేదే చెప్తి కదా పాపా.” ప్రశాంతి హుమాయున్ వైపు తిరిగింది. “ఆ పొద్దు నువ్వు పేపరు మీద బొమ్మేసి చెప్తివి కదన్నా. పొగ గొట్టంలో ఒక జల్లెడ ఉంటాది, ఊర్లోనే నత్త మాదిరి తిప్పితే మసి పేరుకుంటాది, పసుపు దీపం వెలుగుతాది, అప్పుడు రోడ్డెక్కి అరగంట ఆపకుండా తోలితే వేడికి మసంతా కాలిపోతాదని. వీళ్ళిద్దరూ ఫోన్లలో ఉండిరి. వినింది నేనొక్కదాన్నే. మంగళవారం దీపం వెలిగె. ఈయనకు చెప్తే బండి పంపించేస్తారు. పాపకు చెప్తే అత్త రోడ్డెక్కనీయదు. అందుకే బోరు మోటారు వేసి, నేనే పోతి.”

హుమాయున్ నీళ్ళు తాగడం ఆపి, గ్లాసు గుండెకు ఆనించుకుని పగలబడి నవ్వాడు. హాసినికి ఎర్రనీళ్ళు మనిషెత్తు ఎగిరిన ఫిల్టరు గుర్తొచ్చింది. ఊరూరా తిరిగి రైతులకు తాను చెప్పే మాట, తన ఇంట్లో తన బండికి అమ్మ చేసి చూపింది.

గోవిందమ్మ కర్ర టకటకలాడించుకుంటూ ముందుకు వచ్చింది. “అదంతా సరే. పెన్న దాటినావా?”

“దాటలేదత్తా. జమ్మలమడుగు కాడ బ్రిడ్జి ఎక్కకుండానే తిప్పుకుంటి. రెండుతూర్లూ.”

గోవిందమ్మ కాసేపు ఆలోచించింది. తప్పు దొరకలేదు. “అట్లయితే సరే,” అని లోపలికి పోయింది.

శరత్ చంద్ర కార్డును ఇటు తిప్పి అటు తిప్పి చూశాడు. చీర అంచు చూసినట్టు. ఎదురింటివాళ్ళు ఇంకా పోలేదు. ఆయన గొంతు సవరించుకుని, “లోపలికి రా భాయ్. నేనే తొందరపడితి. కాఫీ తాగి, పేర్లు మార్చే కాగితాలు రాసుకుందాం,” అన్నాడు. హుమాయున్ భుజం మీద చెయ్యి వేశాడు. తర్వాత ఆ కార్డును భార్యకు రెండు చేతులతో తిరిగి ఇచ్చాడు.

షెడ్డులో తల్లీకూతుళ్ళు మిగిలారు. హాసిని మనసులో ఒక్క ముడి ఇంకా విప్పాల్సి ఉంది.

“బుధవారం సరే. శుక్రవారం దీపం వెలగలేదు కదమ్మా. మళ్ళీ యాడికి పోతివి?”

ప్రశాంతి కారు తలుపు మీది దుమ్మును కొంగుతో తుడిచింది. తుడిచిన చోటే మళ్ళీ తుడిచింది.

“వెలగలేదు పాపా. జల్లెడ బాగుండె, బండి బాగుండె. ఊరికే పోతి. అద్దం దింపి, చల్లగాలి కొడ్తాంటే అరవైలో పోతాంటే, ఆ డడడడా మోత నాకు శానా బాగనిపించె. బ్రిడ్జి కాడ ఆపి, దిగి, ఒక్కదాన్నే నిలబడి టీ తాగితి. నలభై ఆరేండ్లకు, ఎవురికీ తోడు పోకుండా, ఎవురూ తోడు రాకుండా తాగిన టీ. ఏం బాగలేదు, ఉత్త చక్కెర నీళ్ళు. అయినా మళ్ళీ పోతా. రేపు మఠానికి నేనే తోల్తా. నువ్వు వెనక కూర్చో. చిక్కుడుకాయలు శానా ఉండాయి.”